పొలంలో 400 కేవీ టవర్: పరిహారం లెక్క, ఆ డబ్బు భారం ఎవరిది?

ప్రశ్న: అంతర్రాష్ట్ర 400 కేవీ లైను. పొలంలో ఒక టవర్, 150 మీటర్ల మేర తీగలు. ఎకరా రిజిస్ట్రేషన్ విలువ 20 లక్షలు. దాదాపు 2 లక్షలిస్తాం, సంతకం పెట్టమంటున్నారు. పెట్టొచ్చా? ఈ పరిహారాలు మళ్లీ మన కరెంటు బిల్లులోకే వస్తాయా?

జవాబు 1: ఆ 2 లక్షలు టవర్ వరకే సరిపోతాయండి. తీగల కింది భూమి అందులో లేదు, పెద్ద మొత్తం వచ్చేది దానికే. కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్ మార్గదర్శకాల్లో టవర్ అడుగు భాగానికి భూమి విలువలో 200 శాతం, కారిడార్‌కు (తీగల కింది పట్టీకి) 30 శాతం. 2015 నాటి వాటిలో 85, గరిష్ఠంగా 15 ఉండేవి.

అడుగు భాగమంటే నాలుగు కాళ్ల మధ్య జాగా, ప్రతి వైపూ మరో మీటరు. కాళ్ల మధ్య 12 మీటర్లుంటే 14×14, అంటే 196 చదరపు మీటర్లు, 4.84 సెంట్లు. సెంటు 20 వేల లెక్కన రెట్టింపు చేస్తే 1.94 లక్షలు. కారిడార్ వెడల్పు 400 కేవీకి మామూలుగా 46 మీటర్లు. 150×46 లోంచి టవర్ జాగా తీసేస్తే 165.7 సెంట్లు, దాని విలువలో 30 శాతం 9.94 లక్షలు.

జవాబు 2: లెక్క సరే, సెంటు ధర దగ్గరే చాలామంది నష్టపోతారు. బయటి ధర రిజిస్ట్రేషన్ విలువ కంటే ఎక్కువుంటే ఆ ధరను కలెక్టరు తేల్చాలి. పక్క సర్వే నంబర్ల ఇటీవలి సేల్ డీడ్ నకళ్లు జతచేసి అర్జీ పెట్టండి. రాష్ట్రం సొంత జీవో ఇచ్చి ఉంటే అంకెలు మారతాయి కాబట్టి ఏ ఉత్తర్వు ప్రకారం ఇస్తున్నారో రాతపూర్వకంగా అడగండి. పంట, చెట్ల నష్టం వేరే పద్దు. మెషీన్లు దిగకముందే పంచనామా రాయించాలి. "పూర్తి పరిహారం ముట్టింది" అనే వాక్యముంటే కొట్టేయించాకే సంతకం.

ఒప్పుకోనంటే లైను ఆగుతుందనుకోకండి. విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద లైను సంస్థకు టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు దక్కి ఉంటే మీ అనుమతి అక్కర్లేదు. పరిహారం చాలకపోతే ఆ టెలిగ్రాఫ్ చట్టం 16(3) కింద జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు. భూమి మాత్రం మీ పేరునే ఉంటుంది.

జవాబు 3: బిల్లు సంగతి. వస్తుంది, కానీ మీ ఊరి బిల్లులోకి ప్రత్యేకంగా కాదు. పరిహారం లైను ఖర్చులో కలుస్తుంది. అది నెలనెలా ట్రాన్స్‌మిషన్ ఛార్జీగా మారి, కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2020 నిబంధనల ప్రకారం డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) తదితర వాడకందారుల మధ్య పంపకమవుతుంది. టెండరులో లైను దక్కించుకున్న సంస్థ, బిడ్ తర్వాత రూలు మారితే చట్ట మార్పు క్లాజు కింద అదనం అడగొచ్చు. నా ఉద్దేశంలో సరైన పరిహారం వల్ల పెరిగే ఛార్జీ కంటే, గొడవల్లో లైను ఆగి సోలార్ ప్లాంట్ల కరెంటు బయటికి రాకపోవడమే పెద్ద నష్టం.

ప్రశ్న: కారిడార్‌లోనే బోరుంది. పర్వాలేదా?

జవాబు 2: పంట వేసుకోవచ్చు గానీ బోరు ప్రమాదం. 400 కేవీ తీగకు నేల నుంచి కనీస ఎత్తు 8.84 మీటర్లే. మోటారు ఎత్తేటప్పుడు 20 అడుగుల ఇనుప పైపును పైకి లేపితే అది తీగకు బాగా దగ్గరవుతుంది, తగలకపోయినా కరెంటు దూకే ప్రమాదముంది. బోరు మార్చే ఖర్చు పంచనామాలోనే ఎక్కించమని పట్టుబట్టండి.