ఐరన్ మెయిడెన్‌కు 50 ఏళ్లు: బ్యాండ్‌ను నిలబెట్టింది పాత ఆల్బమ్‌లా, తరువాతి పట్టుదలా?

పాత క్యాసెట్:
తూర్పు లండన్‌లోని లేటన్‌లో 1975 డిసెంబరు 25న బేస్ గిటారిస్టు స్టీవ్ హారిస్ మొదలుపెట్టిన హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ అర్ధశతాబ్దం పూర్తి చేసుకుంది. ఆ సందర్భంగా 2025 మే 27న బుడాపెస్ట్‌లో ప్రారంభించిన టూర్‌లో, 1980 నాటి తొలి ఆల్బమ్ మొదలుకొని 1992 నాటి ‘ఫియర్ ఆఫ్ ద డార్క్’ వరకు వచ్చిన తొమ్మిది ఆల్బమ్‌ల పాటలే వాయించాలని నిర్ణయించుకున్నారు. ఆ తరువాత చేసిన ఎనిమిది ఆల్బమ్‌లకు అందులో చోటు లేదు. నా దృష్టిలో ఇది సబబైన నిర్ణయమే. 1982 నుంచి 1988 వరకు మార్టిన్ బర్చ్ ప్రొడ్యూసర్‌గా వచ్చిన అయిదు ఆల్బమ్‌లే ఈ బ్యాండ్ అసలు ఆస్తి. ఆ తరువాతిదంతా దాని మీద వచ్చే వడ్డీ. దీనితో విభేదించేవారు కారణాలతో రాయగలరు.

మూడో గిటార్:
పాత క్యాసెట్ గారూ, ఆ అయిదు ఆల్బమ్‌ల గొప్పతనాన్ని నేను కాదనను. అయితే పాత పాటల బలం మీదనే బతకాలనుకున్న బ్యాండ్ 1999లో తీసుకున్న నిర్ణయాన్ని తీసుకొని ఉండేది కాదు. గాయకుడు బ్రూస్ డికిన్సన్‌తో పాటు గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ తిరిగి వచ్చినప్పుడు, అతని స్థానంలో 1990 నుంచి వాయిస్తున్న జానిక్ గెర్స్‌ను పంపించివేయడం తేలికైన దారి. వారు ఆ పని చేయకుండా డేవ్ మర్రేతో కలిపి ముగ్గురు గిటారిస్టులను ఉంచుకున్నారు. నేను గిటార్ వాయిస్తాను కనుక దీని ప్రయోజనం ఏమిటో చెబుతాను. ఇద్దరే ఉన్నప్పుడు, జంటగా స్వరాలు కలిపే ఘట్టం రాగానే రిథమ్ వాయించేవారు లేక, ఆ భారమంతా హారిస్ బేస్ మీద పడేది. పిక్ లేకుండా వేళ్లతో గుర్రపు దౌడు లయను అంత వేగంగా మీటగలవాడు కాబట్టి ఆ లోటు అంతగా తెలిసేది కాదు. మూడో గిటార్ వచ్చాక, జంట స్వరాలు సాగుతున్నంతసేపూ వాటి కింద రిథమ్ నిలిచే ఉంటుంది. ప్రొడ్యూసర్ కెవిన్ షర్లీతో చేసిన 2000 నాటి ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ను మంచి హెడ్‌ఫోన్లలో వింటే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కత్తెర:
గిటార్లు మూడయ్యాయి సరే, పాటల నిడివి కూడా అదే లెక్కన పెరిగిందని ఎవరూ చెప్పరేమి? 2015 నాటి ‘ద బుక్ ఆఫ్ సోల్స్’ 92 నిమిషాలు, 2021 నాటి ‘సెంజుట్సు’ 80 నిమిషాలకు పైన. మెల్లని ఉపోద్ఘాతం, అదే పల్లవి నాలుగైదు సార్లు, చివర మళ్లీ ఆ ఉపోద్ఘాతమే. ప్రొడ్యూసర్ స్థానంలో కూర్చొని ఇక చాలు అని హారిస్‌కు గట్టిగా చెప్పగల మనిషి బర్చ్ తరువాత రాలేదని నా అనుమానం. ఆర్101 అనే ఎయిర్‌షిప్ ప్రమాదం గురించి డికిన్సన్ పియానో మీద కూర్చిన 18 నిమిషాల పాటను మాత్రం ఈ ఫిర్యాదు నుంచి మినహాయిస్తాను. దానికి ఆ నిడివి అవసరమే.

మంద్రస్థాయి:
ఈ చర్చలో గాయకుడు బ్లేజ్ బేలీ పేరు ఇంకా రాకపోవడం నాకు ఆశ్చర్యంగా లేదు, బాధగా ఉంది. డికిన్సన్ 1993లో వెళ్లిపోయాక వచ్చిన బ్లేజ్‌ది మంద్రంలో నిండుగా పలికే గొంతు. డికిన్సన్ తారస్థాయికి కట్టిన పాత పాటలను శ్రుతి తగ్గించకుండానే అతని చేత పాడించి, అందలేదని అతన్నే తప్పుపట్టారు. అతని గొంతును దృష్టిలో పెట్టుకొని చేసిన 1995 నాటి ‘ద ఎక్స్ ఫాక్టర్’ చీకటిగా, దిగులుగా ఉంటుంది. హారిస్ విడాకుల కాలంలో పుట్టిన ఆ ఆల్బమ్‌లోని నిజాయితీ నాకు 1988 నాటి ‘సెవెంత్ సన్’లో కూడా కనిపించదు. బ్రిటన్ ఆల్బమ్ అమ్మకాల పట్టికలో అది 8వ స్థానం దాకా, 1998 నాటి ‘వర్చువల్ 11’ 16వ స్థానం దాకా మాత్రమే వెళ్లిన మాట నిజమే. అయినా 2018లో మొదలైన టూర్‌లో ఆ రెండు ఆల్బమ్‌ల నుంచి ఒక్కొక్క పాటను డికిన్సన్ చేతనే పాడించారు కదా. ఇప్పటి టూర్ నిబంధన ఆ కాలాన్ని మళ్లీ చెరిపేసింది.

ప్యాలెస్ మైదానం:
ఆల్బమ్‌ల సంగతి అలా ఉంచితే, భారతదేశంలో ఈ బ్యాండ్ అభిమానం బలపడింది టూర్ల వల్లనే. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్ కచేరీకి నేను హైదరాబాదు నుంచి బస్సులో వెళ్లాను. అప్పటివరకు నాకు తెలిసిన ఐరన్ మెయిడెన్ అంటే క్యాసెట్ అట్టల మీద చిత్రకారుడు డెరెక్ రిగ్స్ గీసిన, బ్యాండ్ చిహ్నమైన ఎడ్డీ బొమ్మలే. పెద్ద రాక్ బ్యాండ్లు పేరు మసకబారాకే మన దేశానికి వస్తాయని ఆ రోజుల్లో ఒక నమ్మకం ఉండేది. వీరు మాత్రం అంతకు ఏడు నెలల ముందు వచ్చిన ‘ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్’ పాటలను వెంటబెట్టుకొని వచ్చారు.

మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 1న ప్రపంచ యాత్రను ముంబయిలోనే మొదలుపెట్టారు. వేదిక సామగ్రిని, సిబ్బందిని, బ్యాండ్‌ను ఒకే బోయింగ్ 757లో ఎక్కించి, పైలట్ అయిన డికిన్సనే దాన్ని నడిపాడు. దీన్ని ఆర్భాటమని కొట్టిపారేసేవారు లెక్క గమనించాలి. సరుకును ఓడలోనో వేరే కార్గో విమానాల్లోనో పంపాల్సి వస్తే, ముంబయి, ఆస్ట్రేలియా, జపాన్, లాటిన్ అమెరికాలను నెలన్నరలో ఒకే వరుసగా చుట్టిరావడం ఖర్చు రీత్యా కుదిరే పని కాదు. 2009 ఫిబ్రవరిలో మళ్లీ బెంగళూరు వచ్చారు. సొంత దేశంలో పాత అభిమానుల వయసు పెరుగుతున్నప్పుడు, ఇలాంటి చోట్ల ఇరవై ఏళ్ల వయసున్న శ్రోతలను సంపాదించుకోవడమే ఈ బ్యాండ్ దీర్ఘాయువుకు అసలు కారణమని నేననుకుంటాను.

మూడో గిటార్:
ప్యాలెస్ మైదానం గారూ, మీరు చెప్పిన ఆ 2006 ఆల్బమ్‌నే తీసుకోండి. అది విడుదలైన వెంటనే చేసిన టూర్‌లో మొదటి పాట నుంచి చివరి పాట వరకు మొత్తం వాయించారు. పాతవి వినడానికి టిక్కెట్టు కొన్నవారు గొణుక్కున్నారు, అయినా మానలేదు. వడ్డీ మీద బతికేవారు ఇలాంటి పని చేస్తారా, పాత క్యాసెట్ గారూ?

పాత క్యాసెట్:
2006లో చేశారు, ఒప్పుకుంటాను. అయితే అప్పటి మనుషులు వేరు, ఇప్పటి వయసు వేరు. 1982 చివరి నుంచి డ్రమ్స్ వాయించిన నికో మెక్‌బ్రెయిన్‌కు 2023 జనవరిలో పక్షవాతం వచ్చింది. కొద్ది నెలల్లోనే తిరిగి వేదిక ఎక్కాడు, వేగంగా వాయించాల్సిన కొన్ని చోట్ల సరళం చేసుకున్నాడు, 2024 డిసెంబరు 7న సావో పాలోలో టూర్ల నుంచి తప్పుకున్నాడు. అతని స్థానంలోకి హారిస్ మరో బ్యాండ్ అయిన బ్రిటిష్ లయన్ నుంచి సైమన్ డాసన్ వచ్చాడు. కొత్త డ్రమ్మర్‌తో బయలుదేరేటప్పుడు జనానికి కంఠస్థమైన పాటలను ఎంచుకోవడంలో వివేకమే ఉంది.

కత్తెర:
ఒక్క విషయంలో మూడో గిటార్ గారి పక్షాన నిలబడతాను. 1986 ఆల్బమ్‌లోని అలెగ్జాండర్ పాటను 37 ఏళ్లపాటు వేదిక మీద ఎన్నడూ వాయించనివారు, 2023 టూర్‌లో మొదటిసారి వాయించారు. అదే టూర్‌లో ‘సెంజుట్సు’ పాటలు కూడా ఉన్నాయి. పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టిన ఆ పాటల వరుసే నాకు ఆదర్శం. ఇక డాసన్ విషయానికి వస్తే, నికో కోసం కట్టిన పాటలను అతను ఎంత బాగా వాయించినా దాన్నిబట్టి తీర్పు చెప్పలేము. అతనితో కలిసి ఒక ఆల్బమ్ చేయాలి, అది 50 నిమిషాలు దాటకూడదు.