హమ్ పాటలో ఉందా, స్పీకర్‌లో ఉందా? స్పెక్ట్రమ్‌లో చూడటం ఎలా?

ప్రశ్న:
విండోస్ 11 ల్యాప్‌టాప్‌కి 3.5 ఎంఎం జాక్‌తో పవర్డ్ స్పీకర్లు పెట్టాను. పాట ఆపినా సన్నగా 'మ్‌మ్' అంటున్నాయి. ఫ్రిచర్‌లో (శబ్దంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో స్పెక్ట్రమ్ గ్రాఫ్‌గా చూపే ప్రోగ్రామ్) చూద్దామంటే, హెడ్‌ఫోన్స్ పెట్టగానే గ్రాఫ్ పడిపోతోంది. పైగా బేస్ అంతా ఒకే ముద్దలా కనిపిస్తోంది.

జవాబు 1:
హెడ్‌ఫోన్స్‌తో పడిపోతోందంటే అది మైక్ నుంచి తీసుకుంటోంది. రన్‌లో ఎంఎంసిస్.సీపీఎల్ (mmsys.cpl) కొట్టి, రికార్డింగ్ ట్యాబ్‌లో ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి 'షో డిజేబుల్డ్ డివైసెస్' టిక్ పెట్టండి. స్టీరియో మిక్స్ (ల్యాప్‌టాప్ బయటికి పంపే శబ్దాన్నే ఇన్‌పుట్‌గా ఇచ్చేది) కనిపిస్తే ఎనేబుల్ చేసి, ఫ్రిచర్‌లో ఇన్‌పుట్‌గా అదే ఎంచుకోండి. ఇది మదర్‌బోర్డ్ సౌండ్ చిప్ శబ్దాన్నే ఇస్తుంది. బ్లూటూత్, యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐలో వింటుంటే గీత కదలదు.

స్టీరియో మిక్స్ లేకపోతే వీబీ-కేబుల్ (ఒక ప్రోగ్రామ్ శబ్దాన్ని ఇంకో ప్రోగ్రామ్‌కి అందించే సాఫ్ట్‌వేర్ కేబుల్) పెట్టుకోండి. కేబుల్ ఇన్‌పుట్‌ని డిఫాల్ట్ ప్లేబ్యాక్ చేసి, ఫ్రిచర్‌లో ఇన్‌పుట్‌గా కేబుల్ అవుట్‌పుట్ ఎంచుకోండి. ఇక్కడ చాలామంది 'శబ్దమే రావట్లేదు' అంటారు: కేబుల్ అవుట్‌పుట్ ప్రాపర్టీస్‌లో 'లిజెన్' ట్యాబ్‌కి వెళ్లి 'లిజెన్ టు దిస్ డివైస్' టిక్ పెట్టి మీ స్పీకర్లని ఎంచుకోవాలి.

జవాబు 2:
ముద్ద సంగతి ఎఫ్ఎఫ్‌టీ సైజుది (శబ్దాన్ని ఫ్రీక్వెన్సీ గళ్లుగా విడగొట్టే లెక్కలో ఒకసారికి తీసుకునే శాంపిళ్ల సంఖ్య). 48,000 శాంపిల్ రేటుని 1024తో భాగిస్తే ఒక్కో గడి వెడల్పు 46.9 హెర్ట్జ్. అంటే హమ్ ఉండే 50, 100 హెర్ట్జ్ (మన కరెంటు ఫ్రీక్వెన్సీ, దాని రెట్టింపు) పక్కపక్క గళ్లలో పడి కలిసిపోతాయి. 16384 పెడితే గడి 2.9 హెర్ట్జ్ అవుతుంది, రెండూ విడిగా నిలబడతాయి. కాకపోతే ఒక్కో కొలతకి 341 మిల్లీసెకన్ల శబ్దం కావాలి కాబట్టి డప్పు దెబ్బలు అలికినట్టు కనిపిస్తాయి. హమ్ నిలకడగా ఉండేది, దానికి ఫరవాలేదు.

జవాబు 3:
అసలు మెలిక వేరే. స్టీరియో మిక్స్ గానీ, వీబీ-కేబుల్ గానీ శబ్దాన్ని జాక్ దాకా రాకముందే పట్టుకుంటాయి. కేబుల్లో చేరిన హమ్ ఆ గ్రాఫ్‌లోకి రాదు. పాట ఆపాక అక్కడ 50 దగ్గర ఏమీ లేకుండా స్పీకర్ మోగుతుంటే ఫైల్ తప్పు కాదు.

హమ్‌ని చూడాలంటే అప్పుడే మైక్ కావాలి. మైక్ ప్రాపర్టీస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేయండి, లేకపోతే నాయిస్ సప్రెషన్ ఆ హమ్‌నే తుడిచేస్తుంది. స్పీకర్‌కి జానెడు దూరంలో పెట్టి 50, 100, 150 చూడండి. ల్యాప్‌టాప్ మైక్‌కి 50 సరిగా అందదు, 100 మీదే నమ్మకం పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
స్టీరియో మిక్స్‌లో 50 దగ్గర ఏమీ లేదు. మైక్‌లో 100 నిటారుగా ఉంది. ఛార్జర్ పీకితే పోయింది.

జవాబు 3:
గ్రౌండ్ లూప్: ఛార్జర్, స్పీకర్ల ఎర్త్‌ల మధ్య తేడా వల్ల ఆడియో కేబుల్ గుండా కరెంటు పారి హమ్ వస్తుంది. ముందు ఛార్జర్‌నీ, స్పీకర్లనీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. తగ్గకపోతే జాక్ మధ్యలో, ఆ దారిని తెంపే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టండి. చవక రకాలు లోతు బేస్ కొంచెం తినేస్తాయి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం విరిచెయ్యకండి, షాక్ కొడుతుంది.