ఫైర్‌వాల్ బాక్సులో ఎస్‌ఎంబస్ కంట్రోలర్‌కి డ్రైవర్ అతుక్కోవడం లేదు

గాజువాకలో మా ఆఫీసు ఫైర్‌వాల్ ఫ్యాన్ లేని ఇంటెల్ ఎన్100 మినీ పీసీ. దాని మీద నడిచేది ఫ్రీబీఎస్‌డీ 14.2 ఆపరేటింగ్ సిస్టమ్. మధ్యాహ్నం రెండు దాటాక పైమూత మీద అరచెయ్యి రెండు క్షణాలు కూడా ఆనించలేకపోతున్నాం. అదే టెన్షన్. ప్రాసెసర్ వేడి కోర్‌టెంప్‌లో 71 డిగ్రీలు చూపిస్తోంది. నాకు కావాల్సింది నెట్‌వర్క్ పోర్టుల పక్కనున్న ఎల్‌ఎం75 ఉష్ణోగ్రత సెన్సర్ రీడింగ్. అది ఎస్‌ఎంబస్ (బోర్డు మీది చిన్న చిప్పులు మాట్లాడుకునే లైన్) మీద ఉంది, ఆ బస్సే లేవడం లేదు.

పీసీఐ పరికరాల జాబితా చూపే పీసీఐకాన్ఫ్ కమాండ్‌లో 0:31:4 దగ్గర కంట్రోలర్ కనిపిస్తోంది. వెండర్ 8086, డివైస్ 54ఏ3, క్లాస్ 0సీ0500. కానీ పేరు దగ్గర ‘నన్0’ అనే ఉంది, అంటే ఏ డ్రైవరూ దాన్ని తీసుకోలేదు. ఈ బస్ డ్రైవర్లైన ఐసీహెచ్‌ఎస్‌ఎంబీ, ఎస్‌ఎంబీ మాడ్యూళ్లు (సిస్టమ్ గుండెకాయైన కెర్నల్‌కి విడిగా చేర్చే ముక్కలు) రెండూ ఎర్రర్ లేకుండా లోడయ్యాయి, లోడైన మాడ్యూళ్లను చూపే కేఎల్‌డీస్టాట్‌లోనూ ఉన్నాయి. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో మాత్రం ఒక్క లైనూ రాలేదు, ఎస్‌ఎంబీ0 డివైస్ ఫైలూ పుట్టలేదు. బూట్ సెట్టింగుల ఫైలైన లోడర్ కాన్ఫ్‌లో పెట్టి రీబూట్ చేసినా అంతే. డెవ్‌సీటీఎల్ కమాండ్‌తో బలవంతంగా డ్రైవర్ అంటగడితే ‘డివైస్ నాట్ కాన్ఫిగర్డ్’ అంటోంది. బయోస్‌లో ఎస్‌ఎంబస్ ఆన్‌లోనే ఉంది.

హార్డ్‌వేర్ పాడైందేమోనని లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశాను. అందులోని ఎస్‌ఎంబస్ డ్రైవర్ ఐ801 కంట్రోలర్‌ని వెంటనే పట్టుకుంది, 48 అడ్రస్‌లో సెన్సర్ కూడా జవాబిచ్చింది. కాబట్టి ఫ్రీబీఎస్‌డీ డ్రైవర్ గుర్తుపట్టే పరికరాల పట్టికలో ఈ 54ఏ3 ఐడీ లేదనే నా అనుమానం.

వేరే మెషీన్‌లో అదే వెర్షన్ సోర్స్ తీసుకుని, 54ఏ3 ఐడీ చేర్చి, ఆ ఒక్క మాడ్యూల్‌నే కంపైల్ చేసి తెస్తే ఫైర్‌వాల్ కెర్నల్ దాన్ని ఒప్పుకుంటుందా, లేక కెర్నల్ మొత్తం మళ్లీ కట్టాలా?