అప్‌డేట్: ల్యాబ్‌లో సర్క్యూట్ సిమ్యులేషన్ నెట్ లేకుండానే నడిచింది

మా గుంటూరు స్కూల్ ల్యాబ్‌లో ఫెట్ (కంప్యూటర్‌లో సైన్స్ ప్రయోగాలు చేసి చూసే ఉచిత ప్రోగ్రాములు) సర్క్యూట్ సిమ్యులేషన్ తెరుచుకోవట్లేదని పోయిన నెల అడిగాను కదా, సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్సండీ.

పని చేసింది ఫైల్‌ను పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లమన్న సలహానే. నేను ముందు దింపుకున్నది పాత జావా వెర్షన్, తప్పంతా అక్కడే. బ్రౌజర్‌లోనే నడిచే హెచ్‌టీఎంఎల్5 ఫైల్‌ను ఇంట్లో డౌన్‌లోడ్ చేసి తీసుకెళ్తే, క్రోమ్‌లో వెంటనే తెరుచుకుంది. ర్యామ్ పెంచాల్సిన అవసరమే రాలేదు. రౌటర్ మార్చింది మాత్రం దండగ ఖర్చు.

పదో తరగతి పిల్లలు రెండో బల్బును సిరీస్‌లో పెడితే రెండూ మసకబారాయి, పారలల్‌లో పెడితే వెలుగు తగ్గలేదు. ఇంతలో ఒకడు బ్యాటరీ రెండు కొసలకూ నేరుగా వైరు కలిపేశాడు. తెర మీద మంటలు! ఇక పీరియడ్ అంతా అందరిదీ అదే పని. ఓమ్ నియమం రేపటికి వాయిదా పడింది.