ఫ్లాప్‌లో బెట్ వేశాం, వాడు కాల్ చేశాడు: టర్న్‌లో మళ్లీ వేయాలా?

ఇస్పేటురాజు:
2003 పోకర్ వరల్డ్ సిరీస్ ఫైనల్లో క్రిస్ మనీమేకర్ బ్లఫ్ కొట్టి (ఏమీ లేకున్నా ఉన్నట్టు బెట్ వేసి) సామ్ ఫార్హా చేత ఫోల్డ్ చేయించిన (ముక్కలు పడేయించిన) హ్యాండ్ చూస్తూ మా బ్యాచ్‌లో గొడవ మొదలైంది. (మేం ఆడేది ఉత్త చిప్స్‌తోనే, డబ్బుల్లేవు.) అదే బోర్డు (మధ్యలో తెరిచిన, అందరివీ అయిన ముక్కలు) అనుకోండి. నా చేతిలో ఆటీన్ ఆసు, కళావర్ రాజు. ముందే రైజ్ చేశాను (బెట్ పెంచాను), ఒక్కడే కాల్ చేశాడు (అంతే వేసి ఆటలో ఉన్నాడు). ఫ్లాప్‌లో (మొదటి మూడు ముక్కలు) ఇస్పేటు 9, ఇస్పేటు 6, డైమన్ 2. పాట్ (మధ్యలో పోగైన చిప్స్) 100, నేను 50 వేశాను, కాల్. టర్న్‌లో (నాలుగో ముక్క) ఇస్పేటు 8. నాకేమీ తగల్లేదు. ఇప్పుడు 100 వేయాలా, చెక్ చేయాలా (బెట్ వేయకుండా వదలాలా)?

కాకినాడ కుర్రోడు:
చెక్ బ్రదర్. 100 కోసం 50 పెట్టినప్పుడు మూడింట ఒకసారి వాడు ఫోల్డ్ చేసినా నీకు నష్టం లేదు. 200 కోసం 100 పెట్టినా లెక్క అదే. కానీ ఏమీ లేనివాడు ఫ్లాప్‌లోనే ఫోల్డ్ చేసేవాడు. కాల్ చేశాడంటే 9 జతో, 8-7 లాంటిదో, రెండు ఇస్పేట్లో ఉండాలి. ఈ 8 పడేసరికి వాళ్లంతా పండగ చేసుకుంటారు.

టర్న్ తాత:
ప్రతిసారీ ఇలా చేతులెత్తేస్తే నీ గుట్టు దొరికిపోతుంది. రేపట్నుంచి ఎంత చెత్తతోనైనా ఫ్లాప్‌లో కాల్ చేస్తాడు, నువ్వు చెక్ అనగానే బెట్ వేసి పాట్ లాగేస్తాడు. మనీమేకర్ అలా ఊరుకుంటే ఆ హ్యాండ్ గెలిచేవాడా? ఫార్హా దగ్గర 9 జత ఉంది!

కాకినాడ కుర్రోడు:
ఆ హ్యాండ్ సరిగ్గా చూడు తాతా. టర్న్‌లో ఫార్హా బెట్ మీద రైజ్ చేసినప్పుడు మనీమేకర్ దగ్గరున్నవి ఇస్పేటు రాజు, ఆటీన్ 7. ఇంకో ఇస్పేటు పడితే ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు), 5 గానీ 10 గానీ పడితే స్ట్రెయిట్ (వరుసగా ఐదు). తనకు కనిపించని 46 ముక్కల్లో 15 పనికొచ్చేవే, అంటే దాదాపు మూడో వంతు. ఫోల్డ్ చేయకపోయినా దారి ఉంది. రివర్‌లో (చివరి ముక్క) ఆటీన్ 3 వచ్చి అన్నీ పోయాకే ఆల్-ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ) అన్నాడు. అదీ టర్న్ నుంచీ ఫ్లష్ ఉన్నవాడిలా ఆడాడు కాబట్టి నమ్మేలా ఉంది. మన రాజుగారి చేతిలో ఒక్క ఇస్పేటూ లేదే!

టర్న్ తాత:
సరే, ఈ 8 మీద వద్దు. అదే టర్న్‌లో ఆటీన్ రాణి పడుంటే నేను కచ్చితంగా వేస్తాను. ముందే రైజ్ చేసినవాడి దగ్గర పెద్ద ముక్కలున్నాయని ఎవరైనా నమ్ముతారు. పైగా అప్పుడు ఫ్లష్ కోసం చూసేవాడికి 46లో 9 ముక్కలే, 20 శాతం కూడా రాదు. సగం పాట్ బెట్‌కి కాల్ చేయాలంటే 25 శాతం గెలిచే అవకాశం కావాలి. ఊరికే రివర్ చూడనివ్వడం దేనికి?

ఇస్పేటురాజు:
8 మీద చెక్ చేశాననుకోండి. వాడే 100 వేస్తే?

కాకినాడ కుర్రోడు:
ఫోల్డ్. మూడు ఆసులు, మూడు రాజులు, 46లో ఆరే. అవి పడినా గెలుస్తావన్న గ్యారంటీ లేదు.

టర్న్ తాత:
వాడి దగ్గరా ఏమీ లేకపోతే?