అప్‌డేట్: ఎక్స్‌వీ6లో థ్రెడ్లు పనిచేస్తున్నాయి, తేడా ట్రాప్‌ఫ్రేమ్‌లో ఉంది

ఎక్స్‌వీ6 (ఎంఐటీ వాళ్లు పాఠాల కోసం రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) రిస్క్-వీ కెర్నల్‌లో కొత్త ప్రాసెస్ పుట్టించే ఫోర్క్‌ను మార్చి, థ్రెడ్లు ఒకే పేజ్ టేబుల్ (వర్చువల్ అడ్రస్ అసలు మెమరీలో ఎక్కడికి పోవాలో చెప్పే పట్టిక) పంచుకునేలా క్లోన్ కాల్ రాశానని, రెండో థ్రెడ్ మొదలయ్యాక కెర్నల్ ప్యానిక్ అయి ఆగిపోతోందని అడిగాను కదా. పరిష్కారం దొరికింది. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్ అండి.

ట్రాప్‌ఫ్రేమ్ (ప్రోగ్రామ్ నుంచి కెర్నల్‌లోకి వచ్చేటప్పుడు రిజిస్టర్లను దాచే పేజీ) చూడమన్న సలహాతోనే సంగతి తేలింది. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లి మా సీనియర్ అన్నయ్యని కలిస్తే, జీడీబీ డీబగ్గర్ పెట్టి చూపించారు: రెండు థ్రెడ్లూ ట్రాప్‌లోకి, అంటే కెర్నల్‌లోకి వచ్చేసరికి, స్టాక్ ఎక్కడుందో చెప్పే ఎస్‌పీ రిజిస్టర్‌లో ఒకే కెర్నల్ స్టాక్ అడ్రస్! ట్రాప్‌ఫ్రేమ్ ప్రతి ప్రాసెస్‌లోనూ ఒకే వర్చువల్ అడ్రస్‌లో ఉంటుంది. పేజ్ టేబుళ్లు వేరుగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. టేబుల్ ఒకటే అయితే ఆ అడ్రస్ మొదటి థ్రెడ్ పేజీకే పోతుంది. రెండోది తన రిజిస్టర్లను అక్కడే దాచి, కెర్నల్ స్టాక్‌ను కూడా అక్కడి నుంచే తీసుకుంటుంది. ఇక ఒకదాని స్టాక్ మీద ఇంకొకటి రాసేస్తుంది.

అందుకే ప్రతి థ్రెడ్ ట్రాప్‌ఫ్రేమ్‌కూ ఆ మొదటి అడ్రస్ కింద వేరే పేజీ మ్యాప్ చేశాను. ఎక్స్‌వీ6 కొత్త వెర్షన్ వాడేవాళ్లు గమనించండి, ట్రాంపొలిన్ కోడ్‌లో (కెర్నల్‌లోకి వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు నడిచే కోడ్) ట్రాప్‌ఫ్రేమ్ అడ్రస్ మార్పులేకుండా రాసి ఉంటుంది. దాని బదులు 2020 నాటి కోడ్‌లోలాగా, ఏ థ్రెడ్ ట్రాప్‌ఫ్రేమ్ అడ్రస్‌ను ఆ థ్రెడ్ నడిచేటప్పుడు ఎస్‌స్క్రాచ్ రిజిస్టర్‌లో పెట్టాలి.

లాక్‌లకు, టీఎల్‌బీకి (అడ్రస్ అనువాదాలను గుర్తుంచుకునే సీపీయూ కాష్) దీంతో సంబంధం లేదు. ఒక్క సీపీయూతో నడిపినా ప్యానిక్ వచ్చేది. ఇంకో విషయం, ఆఖరి థ్రెడ్ ముగిశాకే పేజ్ టేబుల్ ఫ్రీ చేయండి, లేకపోతే మిగతావి కూలిపోతాయి.