టేకును పట్టుకోవడానికి ముక్కు చాలా, లెన్స్ కావాలా?

కొత్తగుమ్మం: ద్వారబంధాలకు కలప కొనాలి. వాసన చూస్తే టేకో కాదో తెలిసిపోతుందని మా వడ్రంగి మేస్త్రీ అంటాడు. కొసను లెన్స్‌తో చూడకుండా డబ్బు ఇవ్వొద్దని మా బావ. నాకూ కర్రను గుర్తుపట్టడం నేర్చుకోవాలనుంది. ఎవరి దారిలో వెళ్లాలి?

ఉలిపట్టు: మేస్త్రీ దారే. చిత్రిక పట్టగానే టేకు తోలు వాసన కొడుతుంది, చేతికి కాస్త జిడ్డుగా తగులుతుంది. రోజూ కర్రతో బతికేవాడికి లెన్స్ ఎందుకండీ?

అడ్డకోత: ఉలిపట్టు గారూ, మీ చేతికి వచ్చేది చిత్రిక పట్టే ముక్క. అడితిలో ఎండకు ఎండి, వానకు తడిసిన దుంగకు పైన వాసనా ఉండదు, రంగూ ఉండదు. పాలిష్ కొట్టాక రంగు గురించి చెప్పనే అక్కర్లేదు.

కొసను పదునైన బ్లేడుతో నున్నగా కోసి, కాస్త తడిపి, 10 రెట్లు పెద్దగా చూపే లెన్స్ పెట్టండి. టేకులో ఏటేటా ఏర్పడే ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరసగా ఉంటాయి, ఆ తర్వాతవి చిన్నవి. ‘ఆఫ్రికన్ టేకు’ అని అమ్మే ఇరోకోలో ఆ వరస ఉండదు, రంధ్రాలు అంతటా చెదిరి ఉంటాయి. అసలు అది మల్బరీ కుటుంబం చెట్టు!

ఉలిపట్టు: వలయాలు సరిగా కనబడని టేకూ ఉంటుంది సార్. పైగా జాతి తెలిసినంత మాత్రాన సరిపోదు. చేవ (నడుమ ఉండే ముదురు రంగు కర్ర) ఎంత, దాని చుట్టూ ఉండే తెల్ల కర్ర ఎంత అని ముందు చూడాలి. అసలు టేకే అయినా తెల్ల కర్రకు చెద పడుతుంది.

నీళ్లచెంబు: ఒక్కో కర్రకు ఒక్కో పరీక్ష. వేగిస చేవ ముక్క నానబెట్టిన నీళ్లు వెలుతురులో నీలంగా మెరుస్తాయి. టేకుకు అలాంటి సులువైన గుర్తు లేదు, అందుకే ఈ గొడవంతా. కొత్తగుమ్మం గారూ, ముందు వేప, తుమ్మ, మద్ది ముక్కలు తెలిసిన చెట్లవే సంపాదించి, పేర్లు రాసి పెట్టుకోండి. పోల్చడానికి ఏమీ లేకపోతే ముక్కూ పనికిరాదు, లెన్సూ పనికిరాదు.

అడ్డకోత: తెల్ల కర్ర మాట ఒప్పుకుంటా. కానీ పేచీ వస్తే ముక్కను కలప, అడవుల పరిశోధన సంస్థలైన బెంగళూరు ఐడబ్ల్యూఎస్‌టీకో, డెహ్రాడూన్ ఎఫ్‌ఆర్‌ఐకో పంపాలి. అక్కడ కణజాలం చూసే చెబుతారు కదా!

కొత్తగుమ్మం: అడితివాళ్లు కొస కోయనివ్వకపోతే?

ఉలిపట్టు: ఇంకో అడితికి వెళ్లండి. దీంట్లో మాత్రం అడ్డకోత గారితో నాకు పేచీ లేదు.